15 పాయింట్ల వెనుక ఉన్న ఊరు

గత నెలలో మా కుటుంబానికి ఆస్ట్రేలియా సబ్‌క్లాస్ 491 వీసా మంజూరైంది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మా అపార్ట్‌మెంటులోనూ, ఆఫీసులోనూ, బంధువుల్లోనూ నన్ను పలకరించినవారంతా దాదాపు ఒకే ప్రశ్న అడిగారు: ఎన్ని పాయింట్లకు వచ్చింది? ఏ రాష్ట్రం పిలిచింది, అక్కడ ఏముంది, అక్కడికి వెళ్లి ఏం పని చేస్తారు అని అడిగినవారు ఇద్దరు ముగ్గురికి మించి లేరు. రాష్ట్ర నామినేషన్ గురించి మన హైదరాబాదులో మాట్లాడుకునే తీరంతా ఆ ఒక్క ప్రశ్నలోనే కనిపిస్తుంది. చాలాకాలం నేనూ అదే ప్రశ్న పట్టుకుని తిరిగాను కనుక, దాని వల్ల మాకు జరిగిన నష్టాన్నీ, ఆ తరువాత తెలుసుకున్న విషయాలనూ వివరంగా రాయాలని కూర్చున్నాను.

ఈ వ్యవహారం తెలియనివారి కోసం ముందుగా కొంత చెప్పాలి. నైపుణ్యం ఆధారంగా ఆస్ట్రేలియా వెళ్లదలచినవారు స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ వ్యవస్థలో తమ ఆసక్తిని నమోదు చేసుకుంటారు. దానినే మనవాళ్లు ఈఓఐ అంటారు. వయసుకు, ఇంగ్లిషుకు, చదువుకు, ఉద్యోగ అనుభవానికి పాయింట్లు ఉంటాయి. కనీసం 65 ఉంటే తప్ప ఆహ్వానానికి అర్హత రాదు. ఎవరి సిఫారసూ లేకుండా వచ్చేది 189 వీసా. ఏదైనా ఒక రాష్ట్ర ప్రభుత్వమో, టెరిటరీ ప్రభుత్వమో నామినేట్ చేస్తే 5 పాయింట్లు కలిసేది 190, అది మొదటి రోజు నుంచే పీఆర్, అంటే శాశ్వత నివాసం. ప్రాంతీయ వీసాకు నామినేట్ చేస్తే 15 పాయింట్లు కలుస్తాయి, అదే 491. పాత 489 వీసా స్థానంలో 2019 నవంబరు 16 నుంచి ఇది అమలులోకి వచ్చింది. ప్రాంతీయం అనగానే మనవాళ్లు మారుమూల పల్లెను ఊహించుకుంటారు గానీ, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు తప్ప ఆ దేశమంతా ఈ నిర్వచనం కిందికే వస్తుంది. పెర్త్, అడిలైడ్, గోల్డ్ కోస్ట్, హోబార్ట్, చివరికి రాజధాని కాన్‌బెర్రా కూడా అందులోనివే.

ఎవరికి ఎన్ని చోట్లు ఇవ్వాలో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఏటా నిర్ణయిస్తుంది. జూలై 1న కొత్త సంవత్సరం మొదలవుతుంది. 2024-25లో మొత్తం 1,85,000 శాశ్వత వలస స్థానాల్లో 190 తరహా నామినేషన్లకు 33,000, ప్రాంతీయ విభాగానికి మరో 33,000 కేటాయించి, 189కి 16,900 మాత్రమే ఉంచారు. ఎవరి సిఫారసూ లేని దారి ఎంత ఇరుకో ఈ అంకెలే చెబుతున్నాయి. నామినేషన్ స్థానాలను రాష్ట్రాలు పంచుకుంటాయి. ఒక్కో రాష్ట్రం తనకు కావలసిన వృత్తుల జాబితాను, తన షరతులను తానే పెట్టుకుంటుంది, కోటా నిండగానే తలుపు మూస్తుంది. కెనడాలో ప్రావిన్సుల నామినేషన్ కూడా ఇటువంటిదే. అక్కడ నామినేషన్ దక్కితే ఆ దేశపు పాయింట్ల వ్యవస్థ అయిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఏకంగా 600 పాయింట్లు కలుస్తాయని కూకట్‌పల్లిలో ఉండే మా పిన్ని కొడుకు ఆ దారి పట్టాడు. ఆ దేశం 2024లో 1,10,000గా ఉన్న ఆ విభాగం లక్ష్యాన్ని 2025కు 55,000కు తగ్గించేసరికి అతని లెక్కలన్నీ తలకిందులయ్యాయి. కోటా మీద ఆధారపడిన దారి ఏ దేశంలోనైనా ఇంతే.

ఆ 15 పాయింట్లు ఊరకే రావు. 491 అయిదేళ్ల తాత్కాలిక వీసా. ఆ కాలంలో నివాసమైనా, ఉద్యోగమైనా, చదువైనా ప్రాంతీయంగా గుర్తించిన చోట్లలోనే సాగాలి. ఇది కుటుంబంలో ప్రధాన దరఖాస్తుదారు ఒక్కరికే వర్తించే నియమం కాదు, ఆ వీసా మీద వెళ్లే భర్తకూ, భార్యకూ, పిల్లలకూ వర్తిస్తుంది. భార్య అడిలైడ్‌లో ఉద్యోగం చేస్తుంటే భర్త మెల్‌బోర్న్‌లో చేరతానంటే కుదరదు. కనీసం మూడేళ్లు అలా ఉండి, మూడు ఆర్థిక సంవత్సరాలకు ఆదాయపు పన్ను మదింపు నోటీసులు చూపిన తరువాతే 191 అనే శాశ్వత వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ మూడేళ్లు పూర్తికాక ముందు ఆ దేశంలో ఉండి చాలా రకాల ఇతర శాశ్వత వీసాలకు దరఖాస్తు చేసే వీలు కూడా ఉండదు. అంటే రాష్ట్రం మనకు 15 పాయింట్లు ఇచ్చి, బదులుగా మన ఇంటిల్లిపాది జీవితంలో మూడేళ్లను తన నేల మీద గడపమని అడుగుతోంది. ఇంత పెద్ద ఒప్పందంలో నేల పేరు ప్రస్తావనకే రాకుండా పాయింట్లు మాత్రమే లెక్కపెట్టడం ఎంత పొరపాటో మాకు ఆలస్యంగా అర్థమైంది.

నేను సివిల్ ఇంజనీరును. జేఎన్‌టీయూలో ఎం.టెక్. ముగించి 2015 ఆగస్టులో ఉద్యోగంలో చేరాను. మా అమ్మాయి పుట్టినప్పుడు ఏడాది విరామం తీసుకోవడం మినహా తాగునీటి పైపులైన్ల రూపకల్పనలోనే పనిచేస్తున్నాను. మా వారు సహకార బ్యాంకులో ఉద్యోగి. 2022 చివర్లో వలస ఆలోచన మొదలైనప్పుడు అందరిలాగే మేమూ ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అక్కడి అబ్బాయి అరగంటలో మా వివరాలన్నీ రాసుకుని, అయిదు రాష్ట్రాలకు అయిదు ఈఓఐలు వేస్తామని, ఏది ముందు తగిలితే అది పట్టుకుందామని చెప్పాడు. ఎం.టెక్.కు అదనంగా పాయింట్లు ఉండవని, బి.టెక్.కు వచ్చే 15 పాయింట్లే దానికీ వస్తాయని తెలిసి కొంచెం నిరాశపడ్డాను తప్ప, రాష్ట్రాల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. సంతకాలు చేసి, డబ్బు కట్టి, ఇంటికి వచ్చేశాం.

2023 సెప్టెంబరులో ఒక రాష్ట్రం నుంచి నామినేషన్‌కు దరఖాస్తు చేసుకోమని పిలుపు వచ్చింది. ఇంట్లో ఆ సాయంత్రం పండుగలా గడిచింది. మరునాడు కన్సల్టెన్సీ వారు పంపిన కాగితాలు చదువుతూ ఉంటే రెండు విషయాలు నన్ను ఆపేశాయి. మొదటిది, ఈఓఐలో జీవిత భాగస్వామి నైపుణ్యానికి 10 పాయింట్లు వేసి ఉన్నాయి. ఆ పదీ రావాలంటే మా వారి వృత్తికి కూడా నైపుణ్య మదింపు జరిగి ఉండాలి. అది మేము చేయించనే లేదు. ఆయన ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్షలో ప్రతి విభాగంలోనూ 6 తెచ్చుకున్నందుకు 5 పాయింట్లు మాత్రమే న్యాయంగా రావలసినవి. వయసుకు 30, ఇంగ్లిషుకు 10, చదువుకు 15, అనుభవానికి 10, ఆయన ఇంగ్లిషుకు 5 కలిపి నా అసలు లెక్క 70. నామినేషన్ 15తో 85. వారు చూపించింది 90. రెండవది, ఈ రాష్ట్రంలోనే స్థిరపడాలని ఎందుకు అనుకుంటున్నారు అనే ప్రశ్నకు నా పేరుతో రాసి ఉంచిన సమాధానం. అందమైన సముద్ర తీరాలు, స్నేహశీలురైన ప్రజలు, పిల్లలకు మంచి బడులు అంటూ సాగిన ఆ పేరాలో రాష్ట్రం పేరు తీసేసి ఇంకో రాష్ట్రం పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చవలసిన అవసరం ఉండదు.

రాష్ట్రం నామినేట్ చేయగానే స్కిల్‌సెలెక్ట్ నుంచి వీసా ఆహ్వానం వస్తుంది, ఆ తరువాత ఈఓఐని దిద్దే వీలుండదు. ఆహ్వానం అందిన నాటికి చూపిన పాయింట్లు నిజంగా ఉన్నాయని కాగితాలతో రుజువు చేయలేకపోతే వీసా నిరాకరిస్తారు, రెండు లక్షల రూపాయలకు పైబడిన వీసా రుసుము కూడా తిరిగి రాదు. ఇవన్నీ చూపించి కన్సల్టెన్సీ వారిని అడిగితే, అందరూ ఇలాగే వేస్తారమ్మా, తరువాత చూసుకుందాం అన్నారు. ఆ మాట విన్న తరువాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిలుపును వదులుకుంటే మళ్లీ వస్తుందన్న హామీ లేదు, పైగా అయిదు నెలల్లో నాకు 33 ఏళ్లు నిండుతాయి. మా అత్తయ్య పదో తరగతి వరకే చదువుకున్నారు గానీ విషయమంతా విని, లేని చదువు ఉందని చెప్పి పెళ్లి సంబంధం కుదుర్చుకుంటే ఎన్నాళ్లు దాచగలరమ్మా అని అన్నారు. ఆ పిలుపు గడువు అలాగే దాటిపోనిచ్చాం. కట్టిన డబ్బులో ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

ఇక్కడ ఒక విషయం తప్పక చెప్పాలి. ఆస్ట్రేలియా లోపల వలస సలహా ఇచ్చే వ్యక్తి ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటో, న్యాయవాదో అయి ఉండాలి, ఏజెంటు నమోదు సంఖ్యను ఎవరైనా ఇంటర్నెట్‌లో సరిచూసుకోవచ్చు. ఆ దేశం వెలుపల పనిచేసేవారికి ఆ నిర్బంధం లేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వరకు కనిపించే బోర్డుల్లో ఏది నమోదైన ఏజెంటుదో, ఏది కాదో అడిగి తెలుసుకోవడం మన బాధ్యతే. మేము అడగలేదు. ఆ తరువాత ఈఓఐని నేనే స్వయంగా వేసుకున్నాను. దానికి రుసుము కూడా లేదు.

2024 ఫిబ్రవరిలో పుట్టినరోజు నాడు ఉదయమే ఈఓఐ తెరిచి చూస్తే వయసు పాయింట్లు 30 నుంచి 25కు వాటంతటవే తగ్గిపోయి ఉన్నాయి. నామినేషన్ 15 కలపకముందు మొత్తం 65. ఎవరి సిఫారసూ లేని 189 అర్హతకు సరిగ్గా అంచున నిలబడ్డాను. అప్పుడు మొదలైంది అసలైన పని.

సివిల్ ఇంజనీర్లకు నైపుణ్య మదింపు చేసేది ఇంజనీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ. మన డిగ్రీల్లో ఎక్కువ భాగానికి వారు సీడీఆర్ అడుగుతారు. అంటే మనం చేసిన పనుల నుంచి మూడు ఘట్టాలను ఎంచుకుని, అందులో మన లెక్క ఏమిటి, మన నిర్ణయం ఏమిటి అనేది మన మాటల్లోనే వివరంగా రాయాలి. డబ్బు తీసుకుని ఈ నివేదికలు రాసిపెట్టేవారు నగరంలో ఉన్నారు. ఇతరుల రాతను తమదిగా పంపినట్టు దొరికితే దరఖాస్తు తిరస్కరించడమే కాక కొంతకాలం మళ్లీ దరఖాస్తు చేయకుండా నిషేధిస్తారు. మొదటి ఈఓఐకి ముందే నేను నాలుగు నెలలు శనివారాలన్నీ కూర్చుని నావి నేనే రాసుకున్నాను, అది మాత్రం మొదటి నుంచీ సరిగ్గా చేసిన పని. అనుభవం రుజువు చేయడానికి ఉద్యోగ పత్రంతో పాటు ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ వంటి ఆధారాలు కావాలి. పాత యాజమాన్యం చేసిన పనుల వివరాలతో లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వడానికి మూడు నెలలు తిప్పింది. ఇక పేరు సంగతి మన తెలుగువారికి ప్రత్యేకమైన బాధ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, డిగ్రీ పట్టాలో ఒక్క పొడి అక్షరమై మిగులుతుంది, పాస్‌పోర్టులో చివరికి పోతుంది. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ మీద ప్రమాణం చేయవలసి వస్తుంది. ఈ ఆలోచన ఉన్నవారు ఎవరైనా ముందుగా చేయవలసింది కన్సల్టెన్సీకి వెళ్లడం కాదు, ఈ కాగితాలన్నీ ఒకచోట పేర్చి చూసుకోవడం.

పోయిన 5 పాయింట్లను తిరిగి తెచ్చుకోవడానికి మిగిలిన దారి ఆస్ట్రేలియాలో అనువాదకులకు గుర్తింపునిచ్చే నాటి (NAATI) అనే సంస్థ జరిపే సీసీఎల్ పరీక్ష. ఇంగ్లిషు మాట్లాడే అధికారికీ, మన భాష మాట్లాడే మనిషికీ మధ్య జరిగే సంభాషణను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నోటితో అనువదించాలి. తెలుగులోనూ ఆ పరీక్ష ఉంది. రెండు సంభాషణలకు 45 చొప్పున 90 మార్కులు, మొత్తం 63 రావాలి, ఒక్కొక్క దానిలోనూ 29కి తగ్గకూడదు. తెలుగే కదా అని ధీమాగా మొదలుపెట్టాను. మొదటి సాధన సంభాషణ అద్దె ఇంటి గురించినది. అడ్వాన్సు, ఓనరు, అగ్రిమెంటు, రిపేరు అంటూ పోతుంటే నా వాక్యంలో క్రియాపదం తప్ప తెలుగు కనబడలేదు. చనిపోయిన మా మామగారు రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు లేఖరిగా పనిచేశారు. ఆయన రాసిన కాగితాలు నలభై ఏళ్లు చదివి వినిపించింది అత్తయ్యే. కౌలు, తనఖా, పూచీకత్తు, నష్టపరిహారం, వాయిదా, బకాయి, మినహాయింపు అనే మాటలు ఆమె నోట ఎంత సహజంగా దొర్లుతాయో అప్పుడే గమనించాను. రెండు నెలల పాటు రాత్రి భోజనాలయ్యాక మా వారు ఇంగ్లిషు అధికారిగా, అత్తయ్య అర్జీదారుగా, నేను దుబాసీగా కూర్చునేవాళ్లం. నేను ఒక్క చిన్న వివరం వదిలేసినా, ఆ గడువు తేదీ చెప్పలేదే అని ఆమె పట్టుకునేవారు. పరీక్షలో మార్కులు పోయేది కూడా సరిగ్గా అలా వదిలేసిన చోటే. 71 మార్కులతో గట్టెక్కాను.

ఆ నెలల్లోనే రాష్ట్రాల గురించి మొదటిసారి శ్రద్ధగా చదివాను. నేను పాలమూరు మనిషిని. మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు మట్టి పనికి వెళ్లినవాడు. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా అక్కడ పాలమూరు కూలీలు ఉండేవారని చిన్నప్పుడు విన్నాం. వలస అనే మాట మా ఇంట్లో కన్నీళ్లతో కలిసి ఉండేది. 2016లో మిషన్ భగీరథ మొదలైనప్పుడు ఆ పైపులైన్ల పనిలో నేను చేరడానికి కారణం జీతం మాత్రమే కాదు. అలాంటి నాకు దక్షిణ ఆస్ట్రేలియా చరిత్రలో గాయిడర్ గీత కథ కనబడింది. 1860ల నాటి కరవు కాలంలో, 1865లో జార్జ్ గాయిడర్ అనే సర్వేయర్ జనరల్ గుర్రం మీద తిరిగి, నమ్మదగిన వాన ఎక్కడి దాకా పడుతుందో పటం మీద ఒక గీత గీశాడు. దానికి ఉత్తరాన సేద్యం చేయవద్దని, పశువుల మేతకే ఆ నేల పనికి వస్తుందని చెప్పాడు. తరువాతి దశాబ్దంలో నాలుగు మంచి వానలు పడేసరికి రైతులు గీత దాటి వెళ్లి గోధుమ వేశారు, 1880లలో కరవు వచ్చి ఇళ్లు వదిలి వెనక్కి వచ్చారు. ఆ రాతి ఇళ్ల గోడలు ఈనాటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. బోర్లు ఎండిపోయిన మా ఊరి పొలాలు చూసి పెరిగినదాన్ని, ఆ కథ నాకు పరాయిది అనిపించలేదు.

ఆ రాష్ట్రం నీటిని ఎలా తెచ్చుకుంటుందో తరువాత చదివాను. మర్రే నది మీది మోర్గన్ నుంచి ఇనుప పరిశ్రమ ఉన్న వయాలా పట్టణానికి 350 కిలోమీటర్లకు పైగా పైపులైను వేసి 1944లో నీళ్లిచ్చారు. అడిలైడ్‌కు సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం ఏడాదికి 100 గిగాలీటర్ల సామర్థ్యంతో ఉంది. అక్కడ పైపులైను ఇంజనీరు చేసే పని ఏమిటో నాకు ఊహించుకోవలసిన అవసరం లేకపోయింది. సిడ్నీ దక్కనందుకు అడిలైడ్ అనుకోవడం మానేశాను. కనుక మిగతా నాలుగు రాష్ట్రాల ఆలోచన వదిలి, ఒకే ఈఓఐ, ఒకే రాష్ట్రం పేరుతో ఉంచాను. అది తెలివితక్కువ పని అని స్నేహితులు హెచ్చరించారు. అవకాశాలు తగ్గుతాయన్న వారి మాట నిజమే, అందరికీ ఇదే సలహా ఇవ్వను. వృత్తి ఏ జాబితాలో ఉందో, విదేశంలో ఉన్నవారిని ఆ రాష్ట్రం ఆ ఏడాది పిలుస్తోందో లేదో చూసుకోక తప్పదు. అయితే వెళ్లాలని మనసు లేని రాష్ట్రం పేరు ఈఓఐలో ఉంచకూడదని మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే పిలుపు అక్కడి నుంచే రావచ్చు.

2024 ఆగస్టు చివరికి నా అనుభవం విరామం పోను ఎనిమిదేళ్లు నిండి, దాని పాయింట్లు 10 నుంచి 15 అయ్యాయి. వయసుకు 25, ఇంగ్లిషుకు 10, చదువుకు 15, అనుభవానికి 15, మా వారి ఇంగ్లిషుకు 5, తెలుగుకు 5 కలిపి 75, నామినేషన్‌తో 90. సంవత్సరం కిందట అబద్ధంగా చూపిన అంకె దగ్గరికే నిజంగా చేరుకున్నాం. ఆ వలస సంవత్సరంలోనే దక్షిణ ఆస్ట్రేలియా నుంచి పిలుపు వచ్చింది. నా ఉద్దేశాలు చెప్పవలసిన చోట పైపులైన్ల గురించి, నేను చేసిన పనికి అక్కడి పనితో ఉన్న పోలికల గురించి ఒక పేజీ రాశాను, తీరాల గురించి ఏమీ రాయలేదు. నామినేషన్ వచ్చాక 60 రోజుల్లో వీసా దరఖాస్తు వేశాం. వైద్య పరీక్షలు, పోలీసు క్లియరెన్సు మామూలుగానే జరిగిపోయాయి. ఆ తరువాత మిగిలింది నిరీక్షణే.

మంజూరు పత్రంలో మూడు పేర్లు ఉన్నాయి: నాది, మా వారిది, మా అమ్మాయిది. ఈ వీసాలో కుటుంబం అంటే జీవిత భాగస్వామి, తమపై ఆధారపడిన పిల్లలు మాత్రమే. తల్లిదండ్రులకు, అత్తమామలకు చోటు లేదు. ఈ నిబంధన మాకు మొదటి నుంచీ తెలుసు, అయినా ఆ పత్రం చేతికి వచ్చిన రోజు అత్తయ్యకు చదివి వినిపించడం నా వల్ల కాలేదు, మా వారే చదివారు. ఆమె అంతా విని, అక్కడికీ ఇక్కడికీ టైము ఎంత తేడా అని అడిగారు. అడిలైడ్ మనకంటే అక్కడి చలికాలంలో నాలుగు గంటలు, అక్కడి వేసవిలో అయిదు గంటలు ముందుంటుంది. అయితే నేను పొద్దున కాఫీ తాగే వేళకు పిల్ల బడిలో ఉంటుందన్నమాట అని లెక్క వేసుకున్నారు. సందర్శకుల వీసాకు ఆమె పాస్‌పోర్టు కావాలి. వచ్చే గురువారం బేగంపేట పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అపాయింట్‌మెంటు దొరికింది. ఆధార్‌లో ఆమె ఇంటిపేరు ఒక రకంగా, ఓటరు కార్డులో మరో రకంగా ఉంది కనుక, ఈ రాత్రి ఆ అఫిడవిట్ సిద్ధం చేయాలి.